పొద్దుటి పలకరింపు

ఎవ్లోగి మోకాళ్లమీద కూర్చుని, మూడో సర్వరు మూత తీసి, పెయింటు బ్రష్షుతో ఫ్యాను చుట్టూ పేరుకున్న దుమ్ము దులుపుతున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నీటి సరఫరా కార్యాలయం నేలమాళిగలో ఉన్న ఆ పాత లినక్స్ సర్వర్లలో దేన్నీ ఆపి చూసే ధైర్యం అతనికి లేదు. ఆగినది మళ్లీ లేవకపోవచ్చు. తిరుగుతున్నవాటిని తిరగనివ్వడమే అతని ఉద్యోగం. పెళ్లి కూడా కొంతకాలం అలాగే నడిచింది.

తెరమీద ఆ పొద్దుటి పలకరింపు అప్పటికే వచ్చి ఉంది.

"లేచావా, ముసలి గాడిదా? కొండమీద నీళ్లున్నాయి, నేనూ ఉన్నాను."

దాని కిందే జవాబు. "ఇంకా చావలేదు. నువ్వో?"

పలకరించేది స్పిరిదోన్. ఊరి చివర కొండమీది పంపుల కేంద్రంలో ఇలాంటివే రెండు పాత సర్వర్లను చూసుకుంటాడు. ఇద్దరికీ ఫోనంటే గిట్టదు, కలుసుకోవడమూ అరుదే. ఈ పలకరింపే వారి స్నేహం. జవాబు మాత్రం ఎవ్లోగి రాసింది కాదు. రెండేళ్ల కిందట ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరినప్పుడు, స్పిరిదోన్ పేరు కనబడగానే ఆ జవాబు దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేశాడు. ఒక వారం కోసమే. ఇంటికి వచ్చాక తీసెయ్యలేదు. పని మాటలుంటే చేత్తో రాసేవాడు. మొదట్లో కొంచెం దొంగతనంలా అనిపించేది. తర్వాత నేలమాళిగ వాసనలాగే అదీ తెలియకుండా పోయింది.

పైనుంచి బిల్లుల గుమాస్తా కలీనా మెట్లమీదికి వంగి అరిచింది.

"ఏమయ్యా ఎవ్లోగీ, కింద పెట్టె మూలుగుతోందా, నువ్వా?"

"పెట్టే. డిస్కు పోయేలా ఉంది."

"పోతే నా బిల్లులూ పోతాయి. ఏదో ఒకటి చెయ్యవయ్యా!"

అలాంటి డిస్కు ఇప్పుడు ఎక్కడా దొరకదు. స్పిరిదోన్ దగ్గర ఒకటుంది. పంపమని శుక్రవారం రాశాడు, సమాధానం లేదు. స్పిరిదోన్ తీరిగ్గా రాసే మనిషి. ఎవ్లోగి బ్రష్షు జేబులో పెట్టుకుని, దారిలో జున్ను పెట్టిన బానిత్సా రొట్టె ముక్క కొనుక్కుని, తింటూ కొండ బస్సెక్కాడు.

పంపుల కేంద్రం గేటుకు నల్లంచు సంతాప కాగితం అంటించి ఉంది. ఎవ్లోగి దానిమీది ఫొటోని ముందు గుర్తుపట్టలేదు. పేరు చదివాడు. మళ్లీ చదివాడు. చనిపోయింది గురువారం. ఇవాళ మంగళవారం. అతని బుద్ధి అలవాటు కొద్దీ తప్పు ఎక్కడుందోనని వెతకసాగింది. అచ్చుతప్పా? అదే పేరుగల మరో మనిషా? నోట్లో ఉన్న ముక్కను మింగాలని కూడా తోచలేదు.

పంపులు నడిపే స్తానిమిరా గొంగళి కోటు భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

"ఎవరు కావాలి?"

"స్పిరిదోన్. కింది ఆఫీసు నుంచి వచ్చాను, డిస్కు కోసం."

"గేటుమీద చూళ్లేదా?"

"చూశాను. కానీ పొద్దున నాతో మాట్లాడాడు."

ఆమె శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత ఆమె ముఖం ఎర్రబడింది.

"ఎవ్లోగి అంటే నువ్వేనా? ఓరి నీ మొహం మండ, ఎలాంటి మనిషివయ్యా? శనివారం పాతిపెట్టి వచ్చాం. ఆదివారం పొద్దున ఆ తెరమీద నీ రాత. ఇంకా చావలేదు, నువ్వో అని! పోయినవాడితో పరాచికాలా?"

ఎవ్లోగి గేటు కమ్మీ పట్టుకున్నాడు.

"ఆ పలకరింపు... ఎవరు రాస్తున్నారు?"

"ఎవరూ రాయట్లేదు. ఆసుపత్రికి వెళ్లేముందు తనే ఏదో అమర్చాడు. 'నేను లేకపోయినా ఇది వెళ్తుంది స్తానిమిరా, ఆగితే ఎవ్లోగి కంగారుపడతాడు, ఒంటరివాడు' అన్నాడు."

"అంతకుముందు?"

"అంతకుముందేముంది, ఎన్నేళ్లుగానో రోజూ రెండు వేళ్లతో కొట్టేవాడు. నీ జవాబు రాగానే ఒకటే నవ్వు. 'చూశావా, నొక్కీ నొక్కకముందే రాసేశాడు! పొద్దున్నే నా కోసం కాచుక్కూర్చుంటాడు' అనేవాడు."

ఎక్కడో కింద పంపు ఒకటి ఆగి, మరొకటి మొదలైంది. నిజం చెబితే తనమీద పడ్డ నింద పోతుంది. ఆ నవ్వు కూడా పోతుంది. అది ఇప్పుడు ఈమె దగ్గర తప్ప మరెక్కడా లేదు.

స్తానిమిరా అతని ముఖంలోకి చూసింది.

"ఆదివారం అలా ఎందుకు రాశావయ్యా?"

"తెలియక రాశానమ్మా," అన్నాడు. "నాదే తప్పు."

"రోజూ కాచుక్కూర్చునేవాడివా, నిజంగానే?"

"ఆ. కూర్చునేవాణ్ణి."

ఆమె కోపం దిగిపోయింది. కళ్లు తుడుచుకుని అతణ్ణి లోపలికి తీసుకెళ్లింది. స్పిరిదోన్ కుర్చీలో కూర్చోకుండా, నిలబడే, ఎవ్లోగి అక్కడి కీబోర్డుతోనే కింది ఆఫీసులోని తన సర్వరులోకి వెళ్లి జవాబు పంపే ఆ ఒక్క వరుసను చెరిపేశాడు. పలకరింపును ముట్టుకోలేదు. స్తానిమిరా అలమర వెతికి డిస్కు తెచ్చి అతని చేతిలో పెట్టింది. దాన్ని ఎందుకు తీసుకుంటున్నాడో గుర్తు తెచ్చుకోవడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

వాళ్లు బయటికి నడిచారు. గదిలో కీబోర్డు పక్కన చిన్న సాసరు అలాగే ఉండిపోయింది. దాని నిండా ఎవరో ఓపిగ్గా ఒలిచి, తర్వాత తిందామని అట్టిపెట్టుకున్న పొద్దుతిరుగుడు పప్పు.