దూదికి కాపలా

నేను ఒక తాళం కప్పను. ఇత్తడి ఒళ్ళు, ఇనుప కొక్కెం. కార్ఖానాలో నన్ను పరీక్షించినవాడు గట్టిగా లాగి చూసి, "ఇది ప్రాణం పోయినా నోరు విప్పదు" అన్నాడు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో!

మొదట ఒక ఎరువుల కొట్టుకు కాపలా కాశాను. కొట్టు యజమాని తాళం వేశాక నన్ను లాగి చూసి వెళ్ళేవాడు, వీధి మలుపు దాకా పోయి మళ్ళీ వచ్చి లాగేవాడు. నమ్మకం లేనిది నా మీదో, తన చేతి మీదో నాకు ఇప్పటికీ తెలియదు. కొట్టు మూసేశాక ఆయన నన్ను అదే పల్నాటి ఊళ్ళోని హైస్కూలుకు ఇచ్చేశాడు. వాళ్ళు నన్ను హెడ్మాస్టరు గదిలోని ఇనుప బీరువాకు తగిలించారు. నా బుర్ర తిరగడం అప్పుడే మొదలైంది.

ఆ బీరువాలో ఏం పెట్టారో తెలుసా? ఆడపిల్లల నెలసరి కోసం ప్రభుత్వం ఉచితంగా పంపిన ప్యాడ్లు. అంటే దూది! దూదికి తాళమెందుకు? పైగా వాటి పేరెత్తాల్సి వస్తే అందరూ గొంతు తగ్గించి "అవి" అనేవారు. అంత విలువైనవైతే గుసగుసలెందుకు? అంత సిగ్గుపడాల్సినవైతే కాపలా ఎందుకు? ఎవరి కోసం తెచ్చారో వాళ్ళకే అందకుండా చూడడం నా ఉద్యోగమైతే, ఇంతకీ ఇక్కడ దొంగలెవరు?

హైమావతి మేడం ఉన్నన్నాళ్ళూ ఫరవాలేదు. ఆ బడిలో ఉన్న ఒకే ఒక్క ఆడ టీచరు ఆవిడ. పిల్లలు వచ్చి తలొంచుకు నిలబడితే, హ్యాండ్‌బ్యాగులోంచి తాళం చెవి తీసి బీరువా తెరిచేవారు. తర్వాత ఆవిడకు బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు లైబ్రరీ, సైన్సు సామాను, చివరికి వాలీబాల్‌కు గాలికొట్టే పంపు కూడా అప్పగించారు. నా తాళం చెవి మాత్రం బ్యాగులోనే వెళ్ళిపోయింది. అంతమంది మగవాళ్ళ ముందు దాని ఊసెత్తడానికి ఆవిడకు మొహమాటం. అడగడానికి హెడ్మాస్టరు పూర్ణచంద్రరావుగారికి మొహమాటం. ఆయన చాలాసార్లు ఫోన్ తీసేవారు. ఆవిడ నంబరు దాకా వెళ్ళి, "ఏమని అడుగుతాం?" అని గొణుక్కుని మళ్ళీ జేబులో పెట్టేసుకునేవారు. నోరు విప్పనిది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని, పాపం!

పదో తరగతిలో శివపార్వతి అనే పిల్ల ఉండేది. లెక్కల్లో మహా చురుకు. బీరువా మూతపడ్డాక నెలనెలా బడి మానడం మొదలుపెట్టింది. ఒకరోజు వాళ్ళమ్మ మిరప చేలోంచి నేరుగా హెడ్మాస్టరు గదికి వచ్చింది.

"ఇట్టా మానుకుంటా పోతే ఈ సదువు ఏడ సాగుద్ది సారూ? ఇప్పుడొచ్చే పరీచ్చలు గూడా రాయకపోతే నాతోపాటు కాయ కోతకి తీసకపోతా" అంది.

"ఎందుకు మానుతోందమ్మా?" అని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయం కాబోలు.

లెక్కల పరీక్ష మొదలైన కాసేపటికే శివపార్వతి పరుగున వచ్చింది. చున్నీ నడుముకు చుట్టుకుని ఉంది.

"సార్, బీరువా తియ్యాల."

ఆయన పైకి, ఫ్యాను వంక చూశారు. "తాళం చెవి మేడంగారి దగ్గర ఉండిపోయిందమ్మా. ఇప్పటికి ఇంటికెళ్ళు. పరీక్ష సంగతి తర్వాత చూద్దాం."

"ఇంటికి బోతే మా అమ్మ ఇంక రానియ్యదు సార్."

ఆయన మళ్ళీ ఫ్యాను వంకే చూశారు. పిల్ల బయటికి వెళ్ళి, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టే రాయి తెచ్చింది. నా మీద ఒక్కటేసింది. ఒళ్ళంతా జివ్వుమంది. మళ్ళీ కొట్టింది. నేను పట్టు విడవలేదు. పిల్ల కళ్ళలో నీళ్ళు. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచారు. హమ్మయ్య, ఆపుతున్నారనుకున్నాను. ఆయన గోడ వైపు తిరిగి నిలబడి, "అక్కడ కాదమ్మా. కొక్కెం మీద కొట్టు" అన్నారు.

కొక్కెం ఊడింది. పిల్ల ఒక ప్యాకెట్ తీసుకుని బాత్రూం వైపు పరుగెత్తింది. కాసేపటికి కిటికీలోంచి చూస్తే పరీక్ష గదిలో తలొంచి రాసుకుంటోంది. నా ఒళ్ళు పుండైంది, పరువు పోయింది, అయినా గుండె తేలికపడింది. ఓడిపోయిన తాళం కప్పకు సంతోషమేమిటో నాకు అర్థం కాలేదు.

కొత్త తాళం తెస్తారని ఎదురుచూశాను. తేలేదు. హెడ్మాస్టరుగారు నన్నే మళ్ళీ బీరువాకు తగిలించారు. తనిఖీకి వచ్చేవాళ్ళకు తాళం ఉన్నట్టు కనబడాలట. ఊడిన కొక్కెంతో వేలాడడమే ఇప్పుడు నా ఉద్యోగం. ఆడపిల్లలు వచ్చి వేలితో నన్ను పైకెత్తుతారు, పని చూసుకుని మళ్ళీ తగిలించి పోతారు. అప్పుడు హెడ్మాస్టరుగారికి వరండాలో ఏదో పని గుర్తొస్తుంది.

నిన్న శివపార్వతి వచ్చింది. తన కోసం కాదు. ఏడుపు మొహంతో ఉన్న ఎనిమిదో తరగతి పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పిల్ల నన్ను చూసి బెదిరి ఆగిపోయింది.

"ఎవుర్నీ అడగాల్సిన పన్లా. తీసుకో" అంది శివపార్వతి. "అది ఊరికినే యాలాడతా ఉంటది, అంతే."

తాళం కప్పను పట్టుకుని అంత మాటంటే నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకు రాలేదో మీకేమైనా తెలిస్తే చెప్పండి.