బావురుపిల్లిని చూసి కుళ్ళుకున్నాను

ఆదివారం మధ్యాహ్నం సింకు దగ్గర నిలబడి పరిగె చేపలకి కల్లుప్పు పట్టించి రుద్దుతుంటే, మా ఆయన లక్ష్మీకాంత్ వెనకాల నిలబడి ఇంకొకదాని గురించి చెప్పడం మొదలుపెట్టారు.

"ఎంత అందంగా ఉంటుందో తెలుసా మనూ! ఒంటినిండా మచ్చలు. ఇంతింత కళ్ళు. అసలు ఎవరికీ కనపడదు. ఒక్కసారి చూస్తే చాలు నాకు."

పెళ్ళయ్యాక నా కళ్ళ గురించి ఆయన అన్నది ఒక్కటే మాట. "ఎర్రగా ఉన్నాయేంటి, ఉల్లిపాయలా?"

"ఎవరండీ ఆవిడ?" అన్నాను, చేప తల గిల్లేస్తూ.

"బావురుపిల్లి! నాగాయలంక అవతల మడ అడవుల్లో ఉంటుంది. నీళ్ళలోకి దూకి చేపలు పట్టుకుంటుంది. బాబీ వాళ్ళ గ్రూపులో ఒకాయన ఫొటో తీశాడు. నేనూ తీయాలి. మంచి కెమెరా ఒకటి కొందాం. మన చేపల ట్రిప్పులకి కూడా పనికొస్తుంది."

'మన' అంటే ఆయనా, ఆయన స్నేహితుడు బాబీ. మా ఇంట్లో ఆ మాటలో ఇద్దరే పడతారు. ప్రతి ఆదివారం ఆ ఇద్దరూ గాలాలు వేసుకుని ఏదో ఒక కాలవ గట్టుకి వెళ్తారు. పట్టిన చేప ఎంతుందో చెప్పడానికి మా ఆయన చేతులు చాపితే హాల్లో సోఫా జరపాలి. సంచిలోంచి తీస్తే మాత్రం వేలెడేసి పరిగెలు. వాటిని సింకులో పోసి, "ఇవి కాస్త బాగుచెయ్యి మనూ" అని వెళ్ళి పడుకుంటారు.

ఆ మాట ఎవరు పెట్టారో గానీ, బాగుచెయ్యడం! ఫ్యాను బాగుచెయ్యాలంటే మనిషొస్తాడు, స్టూలు అడుగుతాడు, టీ అడుగుతాడు, డబ్బులు తీసుకుంటాడు. చేపలు బాగుచెయ్యాలంటే నేనొస్తాను. ఏమీ అడగను. పైగా ఆ చేపల్లో పాడైపోయింది ఏమీ లేదు, పాపం, పొద్దున్నదాకా అవి బాగానే ఉన్నాయి. మొన్న సోమవారం క్లాసులో ఒక పిల్ల నా చెవి కేసి చూసి, "మేడమ్, మీ కొత్త కమ్మలు భలే మెరుస్తున్నాయి" అంది. తడిమి చూసుకుంటే పొలుసు. రెండో చెవికి లేదు కాబట్టి సెట్టు కాదని తేలింది.

ఇదంతా అంటే మా అత్తయ్య సుబ్బరత్నం గారు ఒకటే మాట అంటారు. "మగపిల్లాడు వారమంతా ఆఫీసులో కూర్చుంటాడు. ఒక్క ఆదివారమేగా అమ్మాయ్." నేనూ వారమంతా స్కూల్లో లెక్కలు చెప్తాను. కాకపోతే నిలబడి చెప్తాను కాబట్టి అది లెక్కలోకి రాదు.

కెమెరా ఎంచే పని కూడా చేపల్లాగే నా సింకులోకే వచ్చి పడింది. "నాకు బుర్ర పనిచెయ్యట్లేదు మనూ, నువ్వు కాస్త యూట్యూబ్‌లో చూసి పెట్టవా." పెట్టాను. పప్పు ఉడుకుతుంటే లెన్సుల గురించి, ఇస్త్రీ చేస్తుంటే జూముల గురించి విన్నాను. ఆ పిల్లి వెలుతురు లేని వేళల్లో తిరుగుతుంది కాబట్టి కెమెరా కొంచెం వెలుతురుకే పనిచెయ్యాలి. పడవలో నీళ్ళు చిందుతాయి కాబట్టి తడికి ఓర్చుకోవాలి. నొక్కినా చప్పుడు కాకూడదు. తడికి ఓర్చుకుంటూ, వెలుతురు లేకపోయినా, చప్పుడు చెయ్యకుండా పనిచేసేది ఇంట్లోనే ఒకటుందని తోచింది గానీ, దానికి జూము లేదు. రెండు వారాలయ్యేసరికి, కెమెరాలు తయారుచేసేవాళ్ళు డౌటొస్తే నాకు ఫోన్ చేసి కనుక్కునే స్థాయికి వచ్చేశాను.

బీసెంట్ రోడ్డులో షాపుకి వెళ్ళాం. సేల్స్‌మన్ నాకు కుర్చీ వేశాడు, ఆయనకి కెమెరా ఇచ్చాడు. నేను కూర్చునే అడిగాను. "సైలెంట్ షట్టరు ఉండాలండీ. తడి తగిలినా పాడవ్వకూడదు. లెన్సు బరువెక్కువైతే పడవలో చెయ్యి నిలవదు, తేలిక్గా ఉండేది చూపించండి."

అతను మా ఆయన వైపు తిరిగి, "సార్ బాగా స్టడీ చేసినట్టున్నారు సార్!" అన్నాడు.

"ఏదో, కొంచెం," అని మా ఆయన సిగ్గుపడ్డారు.

ఇంటికొచ్చాక మొదటి ఫొటో నాదే అన్నారు. టీవీ పక్కన నిలబడమన్నారు. జుట్టు సర్దుకున్నాను, నైటీ మీద చున్నీ కూడా వేసుకున్నాను. ఆ కెమెరాకి ఒక విద్య ఉంది. 'పక్షులు' అని పెడితే పక్షి కన్ను ఎక్కడున్నా వెతికి, దానిమీద ఒక చిన్న చదరం గీస్తుంది. ఆ విద్య ఉన్నది చూసి ఎంచింది కూడా నేనే. టీవీ పక్కన కొండపల్లి కొయ్య చిలక ఉంది. చదరం నన్ను దాటుకుని వెళ్ళి దాని కంటి మీద వాలింది.

"చూశావా! కొయ్య చిలకని కూడా పట్టేసింది!" అని ఎగిరినంత పని చేశారు.

ఫొటోలో చిలక కంటికి రంగు వేసిన కుంచె గీత కూడా కనపడుతోంది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"ఎంత కళగా పడిందిరా! పక్కన ఆ పొగేంటి?"

"మనోజ్ఞ, అమ్మా."

చిలకని చూసి కుళ్ళుకున్నమాట నిజమే. కానీ కొయ్యదాని మీద ఎంతసేపని కుళ్ళుకుంటాం? అసలు మంట బట్టలు మడతపెడుతూ బావురుపిల్లి వీడియో చూసినప్పుడు పుట్టింది. ఆడపిల్లి. గట్టు మీద కూర్చుంది. దాన్ని ఎవరూ పిలవలేదు. దాని పాటికి అది నీళ్ళని చూస్తూ కూర్చుంది, ఎంతసేపైనా. ఉన్నట్టుండి దూకి, చేప పట్టి, అక్కడే తలతో సహా, పొలుసుతో సహా తినేసి, మూతి నాక్కుని, ఎండలో పడుకుంది. బాగుచెయ్యలేదు! ఇంకొకళ్ళకి తీసిపెట్టలేదు. దానికి ఆదివారం ఉంది. దాన్ని చూసి కుళ్ళుకున్నాను. ఆయన దాన్ని వెతుక్కుంటూ వెళ్తున్నందుకు కాదు. అది నేను కానందుకు. నేనెప్పుడైనా ఏ నీళ్ళనైనా ఊరికే చూశానా అని ఆలోచిస్తే, ఎసట్లో నీళ్ళే గుర్తొచ్చాయి.

ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. తర్వాత కెమెరా తీసి, 'పక్షులు' ఉన్నచోట 'మనుషులు' అని మార్చాను.

మడ అడవులకి వెళ్ళే ఆదివారం తెలతెలవారుతుండగా బాబీ వచ్చి కారు వెనక సీట్లో కూర్చున్నాడు. మా ఆయన తాళం తిప్పుతూ, "మనూ, పులిహోర పెట్టావా? కెమెరా?" అని అరిచారు.

"పెట్టాను. కెమెరా ఇదిగో," అని ముందు సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను. కెమెరా నా మెడలోనే ఉంది.

"అదేంటి సిస్టరూ, సెండాఫ్ ఇవ్వడానికి కారెక్కారా?" అన్నాడు బాబీ. "అక్కడ దోమలు పీకి పెడతాయండీ."

"నాకు రోజూ ఎనిమిదో తరగతి ఉంటుంది అన్నయ్య గారూ. దోమలే నన్ను చూసి జాగ్రత్త పడాలి."

మా ఆయన నన్ను చూశారు, గేటు దగ్గర నిలబడ్డ అత్తయ్యని చూశారు, ఖాళీగా ఉన్న వంటింటి కిటికీని చూశారు.

"అది కాదు మనూ... నువ్వూ వస్తే... సాయంత్రం చేపలు ఎవరు బాగుచేస్తారు?"

"బావురుపిల్లి ఏం చేస్తుందండీ?" అన్నాను. "పట్టినవాళ్ళే చూసుకోవాలి."

ఆయన కళ్ళు ఇంతింతయ్యాయి. కెమెరా ఎత్తాను. చిన్న చదరం ఒక్క క్షణం వెతుక్కుని, నేరుగా వెళ్ళి ఆయన కంటి మీద కూర్చుంది.

"కదలకండి," అన్నాను. "ఇది అసలు ఎవరికీ కనపడదు."