మూడు మెట్ల కింద

కీబోర్డు మూడోసారి కూడా కిందికి దిగింది.

"చూశావా? నేనేం ముట్టుకోలేదు," అంది గాయని, రెండు చేతులూ వెనక్కి లాక్కుంటూ.

కూతురు ఫోన్‌ని స్పీకరుకి దగ్గరగా పట్టుకుంది. శ్రుతి చూపించే ముల్లు ఫోన్ తెర మీద వణికి ఆగింది. తల్లి నొక్కిన మీట 'సి' స్వరానిది. ముల్లు చూపిస్తున్నది 'ఏ' స్వరం. నల్లమీటతో కలిపి లెక్కపెడితే సరిగ్గా మూడు మెట్లు కింద.

"శ్రుతి మార్చే ప్లస్సూ మైనస్సూ కలిపి నొక్కాం కదమ్మా. సున్నాకి వచ్చింది కదా."

"వచ్చింది. పాట బటన్ నొక్కగానే మళ్లీ దిగింది."

"అమ్మా, ఇందులో ఏదో ఉంది."

"ఉంటే మీ నాన్నే ఉండాలి. ఇంకొకర్ని వేలు పెట్టనిచ్చే మనిషా?"

నవ్విద్దామని అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. అంతకుముందు ఇరవై ఐదేళ్లు, వారానికి ఐదు సాయంత్రాలు, హోటల్ లాబీలో లిఫ్టుల పక్కనున్న మూలలో ఆయన వాయించేవాడు, ఆమె పాడేది. మామూలు కీబోర్డు కాదది, అరేంజర్. ఎడమ చేత్తో మూడు మీటలు నొక్కితే చాలు, డ్రమ్సు, బేస్, గిటారు అన్నీ ఆ స్వరం వెంట నడుస్తాయి. ఒక్క మనిషి కూర్చుంటే ఆరుగురు వాయించినట్టుంటుంది. ఒక్కో పాటకి ఏ తాళం, ఎంత వేగం, ఏ శ్రుతి అన్నది ముందే దాచిపెట్టుకుంటే ఒక్క బటన్‌తో అంతా సిద్ధం. ఆ బటన్ల మీద ఆయన భార్య గోళ్లరంగుతో చుక్కలు పెట్టుకున్నాడు. ఎర్రచుక్క నెమ్మది పాటలకి, గులాబీచుక్క హుషారు పాటలకి.

ఆయన పోయిన రెండో వారంలో కీబోర్డు తెర నల్లబడిపోయింది. శబ్దం మాత్రం వస్తూనే ఉంది. లోపల ఏం జరుగుతోందో చూపించడం మానేసిందంతే.

ఆమెకున్న గడువు ఆదివారం సాయంత్రం నాలుగు గంటల వరకు. కొత్త మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఇద్దరికి చోటు లేదండీ. మీరొక్కరే వాయిస్తూ పాడగలిగితే ఆ మూల మీదే. లేకపోతే స్పీకర్లు బిగించేస్తాను." ఎడమ చేతి పని ఆమెకి తెలుసు. భర్త టీకి వెళ్లినప్పుడల్లా ఆ స్టూలు మీద కూర్చున్నదే. గొంతు సంగతైతే అడగక్కర్లేదు. యాభై రెండేళ్లొచ్చినా పాతికేళ్లప్పటి శ్రుతిలోనే పాడుతోందని లాబీలో పాత అతిథులు చెప్పుకుంటారు. ఆమె కూడా చెప్పుకుంటుంది. తోటి గాయని ఒకామె శ్రుతి తగ్గించుకుందని తెలిసినప్పుడు, "పాపం, మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకోమనండి," అని పదిమందిలో అన్న మనిషి ఆమె.

ఇప్పుడు ఈ పెట్టె తనంతట తను మెట్లు దిగుతోంది.

ఆమె స్క్రూ అన్నయ్యకి ఫోన్ చేసింది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. వాయిద్యాల షాపు పైఅంతస్తులో రిపేర్లు చేస్తాడు, ఆమె భర్తకి ప్రాణస్నేహితుడు.

"ఆ మోడల్‌కి తెరలు రావడం ఆగిపోయి చాలా కాలమైంది, చెల్లెమ్మా. దానికో పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటుంది, ఆకుపచ్చది. అది పట్టుకుని రేపు షాపుకి రా. కొత్తది చూద్దాం."

"దెయ్యం పట్టిందేమో చూడవా?"

"దెయ్యాలకి గ్యారంటీ కార్డు ఉండదమ్మా. నేను చూడను."

*

శుక్రవారం పొద్దున షోరూంలో వాళ్లు తప్ప ఎవరూ లేరు. వరసగా నిలబెట్టిన పియానోల మూతల్లో తల్లీకూతుళ్ల నీడలు వాళ్లతోపాటే నడిచాయి. కూతురు పళ్ల డాక్టర్లకి కట్టుడు పళ్లు చేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. చేతి గోళ్ల చుట్టూ ఇంకా తెల్లటి పొడి అంటుకునే ఉంది.

సేల్స్‌మన్ కోటు సవరించుకుంటూ ఎదురొచ్చాడు. చివర రెండు కీబోర్డులు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి నల్లది, ఒకటి వెండి రంగుది.

"ధరలో రెండూ అన్నదమ్ములేనమ్మా. గుణంలో కాదు. వెండిది మీ పాతదానికి వారసుడు, అదే కంపెనీ. బరువెక్కువ. నల్లది వేరే కంపెనీ. తేలిక, మీరొక్కరే ఎత్తగలరు. పైగా దీనికి మైకు పెట్టుకుని పాడితే ఏం చేస్తుందో మీరే వినండి."

ఆమె స్టూలు మీద కూర్చుంది. నల్లదాని మీటలు మెత్తగా దిగాయి. బేస్ గిటారు నిజంగా ఎవరో పక్కన నిలబడి మీటినట్టుంది. తనకి బాగా అలవాటైన పాట ఎత్తుకుంది, సున్నా శ్రుతిలో, ఏ మెట్టూ దించకుండా.

మొదటి రెండు లైన్లూ బాగానే నడిచాయి. మూడో లైన్లో పైకెక్కాల్సిన చోట గొంతు చీలింది. ఆ చీలిక ఆమెకి గొంతులో, దవడలో, చెవి వెనక స్పష్టంగా తెలిసింది.

స్పీకర్లలోంచి మాత్రం స్వరం నిండుగా, నున్నగా, మచ్చ లేకుండా వచ్చింది.

ఆమె ఠక్కున ఆపేసింది. "ఎవరది?"

"మీరేనమ్మా!" అన్నాడు సేల్స్‌మన్ సంబరంగా. "గొంతు ఎక్కడ జారినా ఇది పట్టుకుని సరైన చోట కూర్చోబెడుతుంది. వినేవాళ్లకి తెలియదు."

"అది తీసెయ్యండి. ఇంకోసారి పాడతాను."

అతను బటన్ నొక్కి తీసేశాడు. ఆమె మళ్లీ అదే లైనుకి వచ్చింది. ఈసారి గొంతు చీలిన సంగతి షోరూమంతా విన్నది. సేల్స్‌మన్ కోటు గుండీ సవరించుకున్నాడు. కూతురు ఒక పియానో మీది ధర బిళ్లని శ్రద్ధగా చదవసాగింది.

"ఇంట్లో నిన్న ఇదే పాట పాడాను," అంది ఆమె. "హాయిగా పాడాను. కావాలంటే మా అమ్మాయిని అడగండి."

"పాడింది," అంది కూతురు, బిళ్ల మీంచి చూపు తిప్పకుండా.

అప్పటికి స్క్రూ అన్నయ్య పైనుంచి దిగి వచ్చాడు. ఆకుపచ్చ పెన్‌డ్రైవ్ అందుకుని వెండి కీబోర్డుకి గుచ్చాడు. పెద్ద తెర మీద పేర్లు వరసగా దిగాయి. పేర్లు కావు, అంకెలు. 43, 44, 45... అలా 61 వరకు, ఒక్కోటి ఒక్కో ఫోల్డర్.

"ఏంటీ అంకెలు? వేగాలా?" అన్నాడు అతను. ఒక్కోటి తెరిచి చూడసాగాడు. ప్రతిదాంట్లో అవే పాటలు, అవే తాళాలు. "నలభై మూడులో శ్రుతి సున్నా. నలభై ఐదులో మైనస్ ఒకటి. నలభై తొమ్మిదిలో మైనస్ రెండు. చివరగా తెరిచింది యాభై రెండని ఉంది, మీ ఇంట్లో కీబోర్డు ఆగింది అక్కడే. మైనస్ మూడు." పెదవి విరిచాడు. "దెయ్యం కాదు చెల్లెమ్మా. పాటతోపాటు దాచిపెట్టాడు. నువ్వెన్నిసార్లు సున్నాకి తెచ్చినా బటన్ నొక్కగానే దాచింది బయటికొస్తుంది."

కూతురు తెర దగ్గరికి వచ్చింది. పొడి అంటిన వేలు 43 మీద పెట్టింది.

"అమ్మా. నీకు నలభై మూడప్పుడు ఏమైంది?"

"ఏమవుతుంది? గొంతు పట్టేసింది. డాక్టరు మూడు వారాలు మాట్లాడొద్దన్నాడు. నువ్వు పలక కొనిచ్చావు..."

ఆమె తెర మీది అంకెలని మళ్లీ మొదటి నుంచి చదివింది, అవి తన వయసులు.

పాడేవాళ్లు జనం వైపు చూస్తారు. కీబోర్డు తెర వాయించేవాడి వైపు ఉంటుంది. ఆయన స్టూలు మీద కూర్చున్నప్పుడు కూడా ఆమె చూసింది మీటలనే, తెర మీది అంకెలని కాదు. తొమ్మిదేళ్లు ఆమె ఆయనకి వీపు పెట్టి నిలబడి పాడింది. శ్రుతి సంగతి నీకు వదిలేశాను అని పెళ్లయిన కొత్తలో తను అన్న మాట ఆమెకి గుర్తే. ఆయనా గుర్తుపెట్టుకున్నాడు. ఆమె మెట్లు దిగుతుంటే రెయిలింగయ్యాడు. దిగుతున్నట్టు ఆమెకే తెలియనివ్వలేదు.

"నాకిప్పుడు యాభై రెండు," అంది మెల్లగా. "మరి మిగతావి?"

ఆమే వేలు చాపి నొక్కింది. 53, మైనస్ మూడే. 55, మైనస్ నాలుగు. 58, మైనస్ ఐదు. వేగం కూడా కొంచెం కొంచెం తగ్గుతోంది. లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ పెరుగుతోంది. ఊపిరి తీసుకోవడానికి. 60, మైనస్ ఆరు.

"ఇవన్నీ ఎప్పుడు చేశాడు?" అంది కూతురు.

"పోయినేడు," అన్నాడు స్క్రూ అన్నయ్య. "డాక్టరు వాడికి నెలలు లెక్కపెట్టి చెప్పాక, హెడ్‌ఫోన్ గుచ్చే చోటు బాగుచేయించుకున్నాడు నా దగ్గర. 'దానికి వినపడకూడదురా' అన్నాడు. ఎప్పటిలాగే మొగుడూ పెళ్లాల గొడవనుకున్నా."

మధ్యాహ్నాలు ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మంచానికి కీబోర్డు ఆనించుకుని కూర్చోవడం ఆమె చూసింది. ఏం చేస్తున్నావంటే, పాత పాటలు సర్దుతున్నా అన్నాడు. ఎంత నెమ్మదిగా సర్దుతున్నావో అని వెక్కిరించి, మందులిచ్చి వెళ్లిపోయేది.

చివరిది మిగిలింది. ఆమె 61 తెరిచి, పాత కీబోర్డులో ఎర్రచుక్క పెట్టిన పాటొకటి నొక్కింది.

ఎత్తుగడ వచ్చింది. డ్రమ్సు దాదాపు లేవు. ఆమె అలవాటుగా ఊపిరి నింపుకుంది. నోరు తెరిచేలోపే ఫ్లూటు అందుకుంది.

ఆమె పాడాల్సిన పాటని ఫ్లూటు పాడుతోంది. ఆమె ఎక్కడ ఒదుగుతుందో అక్కడే ఒదుగుతోంది. లైను చివరి అక్షరాన్ని సాగదీసే దురలవాటొకటుంది ఆమెకి, భర్త ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. ఫ్లూటు అక్షరాన్ని సరిగ్గా అంతే సాగదీసింది.

"అమ్మా, నువ్వూ కలిసి పాడు," అంది కూతురు.

"ఎక్కడ పాడను? నాకు చోటేది ఇందులో?"

ఆమె లేచి నిలబడింది. ముఖం ఎర్రబడింది. "అరవై ఒకటికి నా గొంతు ఉండదని రాసి పెట్టాడు. నన్నొక్క మాట అడిగాడా? ఎదురుగా కూర్చుని, ఇదిగో ఇదీ సంగతి అన్నాడా?" నల్ల కీబోర్డు వైపు తిరిగింది. "ఇదేమో నా గొంతుని దిద్దుతుంది. అదేమో నా పాటని దించుతుంది. నన్నడిగి చేసేది ఏదీ లేదా ఈ షాపులో?"

"అడిగే మోడల్ వచ్చే ఏడాది రావచ్చమ్మా," అన్నాడు సేల్స్‌మన్ భయపడుతూ.

ఆమె అతని వైపు చూసింది. నవ్వాపుకోలేక నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"వెండిది కట్టివ్వండి."

"ఆలోచించుకో చెల్లెమ్మా," అన్నాడు స్క్రూ అన్నయ్య. "నల్లది తీసుకుంటే వాడి లెక్కలేవీ ఉండవు. అన్నీ నువ్వే కొత్తగా చేసుకోవచ్చు."

"అందులో జారినా బయటికి తెలియదు అన్నయ్యా. నా గొంతు వెనక ఇంకొకతె నిలబడి పాడుతుంటుంది. ఇందులో కనీసం పాడేది నేనే." స్టూలు మీద మళ్లీ కూర్చుంది. "అరవై ఒకటి తీసేయ్."

"తీసేస్తే మళ్లీ రాదు."

"రాకూడదనే. పెన్‌డ్రైవ్‌లోది కూడా తీసెయ్. పాత పెట్టెలోది కూడా."

తెర మీద ప్రశ్న వచ్చింది, నిజంగా తొలగించాలా అని. ఎవరూ నొక్కలేదు. ఆమే నొక్కింది.

*

ఆదివారం నాలుగింటికి లాబీ సగం నిండింది. మేనేజరు రిసెప్షన్ బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూతురు స్తంభం పక్క కుర్చీలో కూర్చుంది.

మొదటి పాటకి గాయని పంతం కొద్దీ 49 తెరిచింది. మైనస్ రెండు. పై స్వరం అందింది కానీ మెడ నరాలు బిగుసుకున్నాయి, ఎడమ చెయ్యి ఒక మార్పు తప్పింది. డ్రమ్సు ఒంటరిగా నాలుగు దెబ్బలు ముందుకెళ్లిపోయాయి. మేనేజరు గడియారం చూసుకున్నాడు.

రెండో పాటకి ఆమె 52 నొక్కింది.

మూడు మెట్లు కింద. గొంతు తన కుర్చీలో తను కూర్చున్నట్టు కూర్చుంది. పై స్వరం దగ్గర ఏ బిగువూ లేదు. ఎడమ చెయ్యి దాని దారిన అది నడిచింది. లగేజీ బండి తోసే అతను బండి ఆపి విన్నాడు. ఎనిమిది పాటలు పాడింది. ఒక్క చోట కూడా జారలేదు. ఆయన లెక్క ఒక్క మెట్టు కూడా తప్పలేదు.

ఆ సంగతి ఎనిమిదో పాట మధ్యలో తట్టింది ఆమెకి.

చప్పట్లయ్యాక మేనేజరు దగ్గరికొచ్చాడు. "ఆ మూల మీదేనండీ. మా పాతవాళ్లు చెప్పింది నిజమే. మీ శ్రుతి ఏం మారలేదు."

"మూడు మెట్లు దిగిందండీ," అంది ఆమె.

అతను జోకనుకుని నవ్వి వెళ్లిపోయాడు.

కూతురు వైర్లు చుడుతోంది. ఆమె కీబోర్డు ఆపబోతూ తెర మీద వేలితో జరిపింది. 53. 55. 58. యాభై రెండు దగ్గర తప్పని మనిషి ఇక్కడ మాత్రం ఎందుకు తప్పుతాడు? 60. ఆ తర్వాత తెర ఖాళీ.

స్విచ్ ఆపేసింది. కీబోర్డు మీది దీపాలన్నీ ఆరాయి.

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. బల్లల మీది టీ కప్పులు ఎత్తుతున్న చప్పుడు. దాని వెనక ఎక్కడో సన్నగా ఫ్లూటు.

"నీకేమైనా వినపడుతోందా?" అంది కూతురితో.

"ఏంటమ్మా?"

లైను చివరికొచ్చింది ఫ్లూటు. చివరి అక్షరాన్ని సాగదీస్తోంది. ఆమె నిలబడ్డచోటే ఊపిరి నింపుకుని, పెదవులు కదపకుండా, ఆ అక్షరాన్ని తనూ పట్టుకుంది. ఇద్దరిలో ముందు ఎవరు ఆగుతారో చూద్దామని.