నాలుగు నిమిషాల విరామం

నాలుగు నిమిషాలేమిటి, మూడు కాదు ఐదు కాదు సరిగ్గా నాలుగు, ఎవరు చదివినా ముందు అడిగేది ఇదే, తనూ అదే అడగాలి, జర్నల్ వాళ్లు రివ్యూ చెయ్యమని పంపిన పేపర్ కదా, రాసిందెవరో తనకి తెలియకూడదు, చదివేదెవరో రాసినవాళ్లకి తెలియకూడదు, అందుకే తెర మీద మొదటి పేజీలో పేరు ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ, దాని కింద చీమల గురించి బోలెడంత, చక్కెర పెట్టాక నాలుగు నిమిషాలు ఆగి వచ్చిన చీమల లెక్క మొదలుపెట్టినట్టు మధ్యలో ఒక్క ముక్క, ఎందుకు ఆగారో చెప్పకుండా, ఆ ముక్క దగ్గరే ఆమె పొద్దుటి నుంచి చతికిలబడిపోయింది, ఎందుకంటే ఆ నాలుగు నిమిషాలు ఆమెకి తెలుసు, తెలియకపోవడమేమిటి నా మొహం, అది ఒక పాట నిడివి.

అక్క పాడేది, సొంత అక్కేం కాదు, ల్యాబ్‌లో సీనియర్, చేరిన మొదటి రోజే మేడమ్ గీడమ్ అన్నావంటే చీమల చేత కుట్టిస్తా, అక్కా అని ఏడువు చాలు అంది, అప్పటి నుంచీ అక్కే, గోడ వారన ఇద్దరూ గొంతుక్కూర్చుని చక్కెర పెట్టేవాళ్లు, మన అడుగులకి బెదిరిపోయుంటాయే పిల్లా, కాసేపు కదలకు అని సన్నగా కూనిరాగం అందుకునేది, పల్లవి మొదలు ఆఖరి చరణం దాకా, పాట అయ్యాకే లెక్క, గొంతేమో బొంగురు, శ్రుతి సంగతి దేవుడెరుగు, అడుగులకి బెదిరినవి నీ పాటకి బెదరవా అక్కా అంటే నోర్ముయ్, లెక్క తప్పితే నీ వీపు చీరేస్తా, ఆ తిట్టు కోసమే తను మళ్లీ మళ్లీ అడిగేది, ఇంకా ఆ పేజీలోనే ఉన్నావా, ఎవరు, ఆయన, ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి, నీ చీమలు నడిచినా ఈపాటికి పేపరంతా దాటేసేవి, ఇస్త్రీ పెట్టె బుస్సుమంది, ఆమెకి నవ్వు రాలేదు.

అక్కా తనూ పేరు కోసమే కదా విడిపోయింది, ఇద్దరూ కలిసి రాసిన మొదటి పేపర్, ముందు ఎవరి పేరు, ఆలోచన నాది అంది అక్క, లెక్కలన్నీ నావి అంది తను, సరే నీదే పెట్టుకో పోవే అని అక్క, నీ దానం నాకెందుకు నీదే పెట్టుకో అని తను, పౌరుషాలకేం తక్కువ లేదు, చివరికి ఆ పేపర్ ఎవరి పేరుతోనూ రాలేదు, సొరుగులోనే ఉండిపోయింది, అక్క వేరే ఊరు పోయింది, ఇప్పుడేమో ఇదిగో, అక్క ఇంకో పేపర్ ఏ పేరూ లేకుండా వచ్చి ఒళ్లో కూర్చుంది, తర్వాతి పేజీలో ఏముంది, లెక్కించింది ఒక్కరే అనుంది, ఒక్కరే, ఇది లోపం, ఇద్దరు లెక్కించి సరిచూసుకోవాలి అని రాయాలి, ఎవరు సరిచూస్తారు, ఒక్కతే గోడ వారన కూర్చుని, పక్కన ఎవరూ లేకుండా ఆ పాట మొత్తం పాడుతోందా ఇంకా, మోకాళ్లు నొప్పెట్టడం లేదా దీనికి, కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది, అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

రాసినవాళ్లెవరో తెలిసిపోతే మాత్రం చెప్పెయ్యండి మేడమ్, వేరేవాళ్లకి పంపేస్తా అన్నాడు పొద్దున ఫోన్‌లో ఎడిటర్, రెండో రివ్యూయర్ అప్పుడే కొట్టిపారేశాడు, ఇక మీ మాట మీదే ఉంది అని కూడా అన్నాడు, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది, ఈ పేపర్ని నిలబెట్టొచ్చు, గ్రాఫులు సరిచెయ్యమనొచ్చు, అక్క దిద్ది పంపుతుంది, మళ్లీ చదవొచ్చు, మళ్లీ అడగొచ్చు, నెలల తరబడి మాట్లాడుకోవచ్చు, హమ్మ, ఎంత ఆశ, కానీ అక్కకి అందేదేమిటి, మొదటి రివ్యూయర్ అని ఒకడు, వాడెవడో చాదస్తుడు నా ప్రాణం తోడేస్తున్నాడు అని తిట్టుకుంటుంది, అంతే, తిట్టు కూడా తనకి చేరదు, విరామానికి ఆధారం తెలపాలి అని టైపు చేసింది, చూసుకుంది, ఛీ, బాగున్నావా అక్కా అని అడగలేక అడిగే ప్రశ్న ఇది, చెరిపేసింది.

ఎడిటర్‌కి ఫోన్ కలిపింది, ఇది నేను చూడకూడదండీ, రాసినావిడ నాకు తెలుసు, అయ్యో, మీరైతే నిలబెడతారనుకున్నానే, పోనీండి, రికార్డులో రాయాలి, ఆవిడ మీకేమవుతారు, ఒకప్పుడు కలిసి పనిచేశాం అనాలి, అదే పద్ధతైన మాట, నోరు తెరిచింది, మా అక్క అని వచ్చింది, సొంత అక్కేనా, కాదండీ, అయినా అక్కే, ఫోన్ పెట్టేసింది, పేపర్ తెర మీంచి మాయమైంది, ఇంకెవరో కొత్తవాళ్లు చదువుతారు, నాలుగు నిమిషాలెందుకని నిలదీస్తారు, నిలదియ్యనీ, అక్కకి నోరు లేదా ఏం, చెప్పుకుంటుంది, ఈ పేపర్ గురించి అక్కతో తను ఒక్క ముక్క ఎత్తకూడదు, ఎత్తనక్కర్లేదు కూడా, ఎవరికి మళ్లీ ఫోను అంటున్నారు ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి ఆయన, చేతిలో అక్క నంబరు, అవతల మోగుతోంది, ఇన్నేళ్లూ తను ఎదురుచూసింది ఏ పేపర్ మీదా తన పేరు ముందుండాలని కాదు, ఆ బొంగురు గొంతుతో ఒక్కసారి పిల్లా అనిపించుకోవాలని.