పక్కన బొత్తాలున్న చొక్కా

ఆమె చొక్కా కాలరు తిరగేసి ఇస్త్రీపెట్టె ఆనించిందో లేదో, ఆయన గొంతు సవరించుకున్నాడు. విశ్వవిద్యాలయంలో వ్యాపార పాఠాలు చెప్పే ప్రొఫెసరు. ఎక్కడ ఉపన్యాసమున్నా ముందుగా ఇస్త్రీ బల్ల ఎదుట నిలబడి భార్యకు అప్పజెప్పడం ఆయన అలవాటు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ తలూపాలో పెళ్లయిన కొత్తలోనే ఆమెకు ఒంటబట్టింది.

"విద్యార్థులను సొంత వ్యాపారం వైపు నడిపించేది ఏమిటి? ధైర్యం. ఇంట్లోవాళ్ళ ప్రోత్సాహం. ఓడిపోయినా ఫరవాలేదనే ఒక్క మాట."

ఆమె తలూపింది. వైస్ చాన్సలర్ ఎదుట తుమ్ము కూడా ఆపుకునే మనిషి ధైర్యం గురించి చెబుతున్నాడు. నవ్వు కనబడకుండా ఉండాలంటే తలూపడమే మేలు.

"ఉదాహరణకి, నా విద్యార్థి ఒకడు. వాళ్ళ నాయనమ్మ చెయ్యి విరిగితే, కట్టు కదలకుండా తొడుక్కునేలా పక్కన బొత్తాలు పెట్టి చొక్కా తయారుచేశాడు. నేను వెన్నుతట్టాను."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. ఆ చెయ్యి అత్తగారిది. ఆ చొక్కా కుట్టింది తను. ఆసుపత్రి నర్సు చూసి, ఇంకొన్ని కుట్టి ఇస్తారా అని అడిగితే, "కుట్టుపని చేసేవాళ్ళింటికి వైస్ చాన్సలర్ భోజనానికొస్తాడా?" అన్నది ఈ వెన్నుతట్టిన మహానుభావుడే. "ఇంట్లో పని తెమలదు గానీ ఊరందరికీ కుడుతుందట," అని అత్తగారు దీర్ఘం తీసింది, ఆ చొక్కాలోనే కూర్చుని. కుట్టుమిషను అటకెక్కింది. ఇన్నాళ్ళూ ఆమె బాధంతా దానికే. ఇప్పుడు ఆ చొక్కా ఆలోచన కూడా తనది కాకుండా పోయింది.

"ఎలా ఉంది?" అన్నాడాయన.

"ఉదాహరణ బాగుంది."

ఆయన మురిసిపోయాడు. "రేపు నువ్వూ రా. చప్పట్లకి ఒక మనిషుంటే మంచిది."

మర్నాడు ఆమె చివరి వరసలో కూర్చుంది. వెన్నుతట్టిన ముక్క దగ్గర హాలంతా చప్పట్లు కొట్టింది. ఒకమ్మాయి లేచింది.

"సార్, ఆ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడు? మా అమ్మకి భుజం ఆపరేషనైంది. అలాంటి చొక్కా ఎక్కడా దొరకట్లేదు."

ఇస్త్రీ బల్ల దగ్గర ఆయనకు ప్రశ్నలెప్పుడూ ఎదురవలేదు. మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆ నీళ్ళు ఎంతకీ అయిపోవడం లేదు.

ఆమె లేచి నిలబడింది.

"ఆ చొక్కా కుట్టిన మనిషి నిన్నటిదాకా సార్ చొక్కాలు ఇస్త్రీ చేసిందమ్మా," అంది. "మీ అమ్మ కొలతలు తీసుకుని రేపు మా ఇంటికి రా. అటక మీంచి మిషను సార్ దించుతారు."