పేరు చెప్పని సాక్షి

పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలంలో మా ఆయన్ను పట్టుకుపోయారు. నిజాం సర్కారు పన్ను చౌకీని కాంగ్రెసు వాళ్ళతో కలిసి తగలబెట్టారని కేసు. చౌకీ తగలబడిన సాయంత్రం ఆయన ఇల్లు కదల్లేదు. పిల్లకు కోరింత దగ్గుతో ఊపిరాడకపోతే భుజాన వేసుకుని తిప్పుతూనే ఉన్నారు. అత్తమ్మ కోహెడకు పోయింది. చూసింది నేనొక్కదాన్నే.

ఇలాంటి కేసుల కోసమే సిద్దిపేటలో ప్రత్యేక అదాలతు పెట్టారు. వకీలును రానివ్వలేదు. సాక్ష్యం చెప్పడానికి పిల్లను చంకనేసుకుని నిలబడ్డాను. జడ్జి ఉర్దూలో అడిగితే మున్షీ తెలుగులో చెప్పాడు.

"నీ మొగని పేరేంది?"

"గీ పిల్ల బాపు."

"పిల్ల బాపని పేరుంటదా?"

"గాడ, కిటికీ పక్కకున్నరు."

"చెయ్యి జూపెడితే కాగితం మీదికెక్కదమ్మా. పేరు గావాలె."

"కాశీనాథం, సారూ, నా కొడుకు," అంది తలుపు దగ్గరి నుంచి అత్తమ్మ.

"నువ్వు సాక్షివా ముసలమ్మా? బయటికి నడువు," అన్నాడు జవాను.

పెళ్ళినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి చెప్పించినప్పుడు ఒక్కసారే ఆ పేరు పలికాను. మళ్ళీ పలికితే మొగుని ఆయుష్షు తరుగుతుందని మా అమ్మ భయం పెట్టింది. ఆయన్ను కాపాడడానికి వచ్చి నేనే ఆయుష్షు తగ్గిస్తానా అనుకున్నాను. పిల్ల ఏడుపందుకుంది. తల వంచుకున్నాను.

"సాక్షి ముద్దాయిని గుర్తువట్టలేదని రాసినం. ఇగ పో," అన్నాడు మున్షీ.

అరుగు మీదికి వచ్చాక తోచింది. పెళ్ళి కోసం బడి మాన్పించినా, మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఆ పేరు తప్పు లేకుండా రాయగలను. పరుగున పోయి చెప్పాను.

"గప్పుడే అనకపోతివా?" అన్నాడు మున్షీ. "కాగితం మీద జడ్జి దస్కతైపోయింది."

ఐదేళ్ళు వేశారు.

లారీ దగ్గర బేడీలతో నిలబడి ఆయన నవ్వారు. "శిక్ష పొద్దుగాలనే రాసుకొచ్చిన్రు. నువ్వు చెప్తే ఆగుతుండెనా?"

అది నిజమో, నా కోసం అన్నారో ఇప్పటికీ తెలియదు.

"గీడన్న ఒకపారి పేరువెట్టి పిలువరాదూ. విని పోత."

నోరు తెరిచాను. చుట్టూ జవాన్లు, వెనక అత్తమ్మ.

"పైలంగ పోండి," అన్నాను.