చెడిపోయిన నాలుగు సీసాలు

తిరుపతిలో కేటరింగ్ కోర్సు చదివిన రెండేళ్ళలో నాకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చింది వైన్ల పేపర్లోనే. వందకు ఎనభై ఆరు. ఆ రెండేళ్ళలో నేను తాగిన వైన్ మాత్రం ఒక్క చుక్క కూడా లేదు. ఇందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ వాదిస్తాను. కిటికీ తెరిస్తే ఏడుకొండలు కనబడే క్లాసులో ఆ సీసా మూత తీసే ధైర్యం ఏ మాస్టారికి ఉంటుంది? మా ధర్మేంద్ర సార్ చక్కెర వేసిన టీ డికాషన్ తెచ్చి ఎర్ర వైన్ అనేవారు. బార్లీ నీళ్ళు తెల్ల వైన్. సుగంధి వేళ్ళ నన్నారి షర్బత్ పల్చగా కలిపితే గులాబీ వైన్. షాంపేన్ పాఠం రోజున గోలీసోడా తెప్పించారు. "మిగతాది ఊహించుకోండప్పా" అనేవారు. మేమూ శ్రద్ధగా ఊహించుకున్నాం. గ్లాసు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, డికాషన్లోంచి చెర్రీపళ్ళూ తడిమట్టీ వాసన వస్తున్నాయని రాసి మార్కులు కొట్టేశాం.

చదువయ్యాక ఏడాదిపాటు ఒక లాడ్జిలో యాత్రికుల పెట్టెలు మోశాను. వేడినీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పడం ఒక్కటే అక్కడ నా విద్యకు దక్కిన పని. అందుకే 2005 వేసవిలో, చిత్తూరు నుంచి బెంగళూరు పోయే రోడ్డు మీద ఒకాయన కొత్తగా హోటల్ తెరిచి, వైన్ల సంగతి తెలిసినవాడి కోసం వెతుకుతున్నాడని వినగానే బస్సెక్కేశాను.

ఆయన పేరు తులసీరాం. అసలు వ్యాపారం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. నా మార్కుల కాగితం చూసి పొంగిపోయాడు.

"సూడు రఘునాథ్, వచ్చే వారం హాలెండు నుంచి గుజ్జు కొనేవాళ్ళు వస్తా ఉండారు. వాళ్ళకు మన సంగటి, మన నాటుకోడి పెడతాను. దేంతో ఏ వైన్ తాగాలో నువ్వు సెప్పాల. ఆదివారం మధ్యాన్నం ముందు మనమే కూర్చొని తిని సూద్దాం. నోటికి కుదిరిందా, ఈ ఉద్యోగం నీది. కుదరలేదా, నీ లాడ్జి యాడికీ పోదు."

నేను నోట్సు ముందేసుకుని ఒక కార్డు రాశాను. కోడికి తెల్లది, పొట్టేలుకు ఎర్రది. సంగటి నోట్సులో లేదు కాబట్టి బ్రెడ్డు కింద జమకట్టాను. బెంగళూరు నుంచి నాలుగు రకాల సీసాలు రెండేసి వచ్చాయి. ఫ్రాన్సు ఎర్రది, ఆస్ట్రేలియా ఎర్రది, నాసిక్ తెల్లది, నందికొండల దగ్గర తయారైన గులాబీ రంగుది. పంపినవాడు సుందరరాజు. ఆయనదీ చిత్తూరే గానీ బెంగళూరులో స్థిరపడి ఈ వ్యాపారం చేస్తున్నాడు.

శనివారం పొద్దున వంటింట్లో ఫ్రాన్సు సీసా తెరిచి, పద్ధతి ప్రకారం గ్లాసు తిప్పి, ఒక గుక్క తాగాను. వగరు, పులుపు, వెనకాల చేదు. కరక్కాయ నమిలినట్టు నోరంతా పట్టేసింది. ధర్మేంద్ర సార్ ఎర్ర వైన్ ఎంత కమ్మగా ఉండేది! నాకు రవ్వంత అనుమానం కూడా రాలేదు. సీసా చెడిపోయిందని నేరుగా తులసీరాం దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఎలా చెడిపోతుందో కూడా వివరించాను. దాని మీద నోట్సులో అర పేజీ ఉంది.

ఆయనకు కోపం కంటే గర్వమే ఎక్కువ వచ్చింది. అక్కడికక్కడే సుందరరాజుకు ఫోన్ కొట్టాడు.

"ఏమప్పా, ఎవరికి అంటగడతావు నీ పాడు సరుకు? మావోడు ఒక్క గుక్కతో కనిపెట్టేసినాడు!"

అవతలాయన రేపు స్వయంగా వస్తానన్నాడట. నేను ఛాతీ విరుచుకుని వంటింటికి వచ్చి మిగతా మూడూ తెరిచాను. ఆస్ట్రేలియాది చెడిపోయింది. నాసిక్‌ది చెడిపోయింది. నందికొండలది కాస్త తియ్యగా ఉందిగానీ నన్నారి దరిదాపుల్లో లేదు, కాబట్టి అదీ చెడిపోయింది. ఫ్రాన్సువాళ్ళూ నాసిక్‌వాళ్ళూ కూడబలుక్కుని నన్ను ముంచుతున్నారా అని మండిపడ్డాను. కాసేపటికి ఇంకో ఆలోచన తగిలి స్టూలు మీద కూలబడ్డాను. చెడిపోయింది సీసాలు కాకపోతే?

"ఏందబ్బోడా, ఆముదం తాగినోని మాదిరి కూర్చున్నావు?" అంది గంగులమ్మ. ఆ హోటల్లో వంట ఆమెదే. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు తులసీరాం ఫ్యాక్టరీలో కాయలు ఏరేది. తోతాపురి కాయ తొడిమ దగ్గర వాసన చూసి, ఒక చీలిక నాలుక మీద పెట్టుకుని, ఇది బంగారుపాళెం కాయ, ఇది దామలచెరువు కాయ అని చెప్పేదట. మోకాళ్ళు పట్టేశాక ఆయన ఆమెను వంటకు మార్చాడు.

"అన్నీ చెడిపోయినాయక్కా."

"ఇంత పొయ్యి సూద్దాం," అని ఎడమ చేతి మీద కుడి చెయ్యి పెట్టి ముందుకు చాపింది. పోశాను. ఫ్రాన్సుదాన్ని నాలుక కొసతో తాకి కళ్ళు మూసుకుంది. తర్వాత తీర్థం తీసుకున్న అలవాటున చెయ్యి నెత్తి మీదికి వెళ్ళబోయింది. సగంలో గుర్తొచ్చి ఆపుకుని, కొంగుకు తుడుచుకుని, "గోవిందా, తప్పైపోయింది" అని లెంపలు వేసుకుంది.

"చెడిపోలేదు. కాయ మంచిదే. సలి దేశం కాయ, ఎండ తక్కువ తినింది, అందుకే ఈ వగరు. పొట్టేలు కొవ్వు నాలిక్కి అంటుకుంటాది సూడు, దాన్ని ఇది కడిగేస్తాది."

 ఆస్ట్రేలియాది పోశాను.

"ఇది ఎండలో మాగిన కాయ. వేడి జాస్తి. కారం తిన్న నోట్లో దీన్ని పోస్తే భగ్గుమంటాది. గుత్తొంకాయతో పెట్టు, మిరక్కాయ తగ్గించి సేస్తాను." నాసిక్ తెల్లది తాకి, పులుపుకు పులుపే జోడీ, దాన్ని మామిడికాయ పప్పుకు ఇవ్వమంది. గులాబీ రంగుదాన్ని మాత్రం రెండుసార్లు అడిగి పోయించుకుంది. "నాటుకోడి పులుసుకు ఇదే. బాగా సల్లబరుచు. ఆ రవ్వంత తీపి కారాన్ని పట్టుకుంటాది."

"మరి చివర్లో తీపికి పెట్టే ఓళిగలకు?"

"నెయ్యి. దానికి ఇవన్నీ దేనికి?"

పాత కార్డు చించేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు కొత్తది రాశాను. లేస్తూ గంగులమ్మ, "చెడిపోలేదని తులసీరాం సామికి సెప్పెయ్యి, పాపం ఆ బెంగళూరాయన్ని తిట్టి ఉండాడు" అంది. అలాగే అన్నాను. మధ్యాహ్నం చెబుదామనుకున్నాను, సాయంత్రం చెబుదామనుకున్నాను, చెప్పలేదు. చెబితే నాకు వైన్ తెలియదని తేలిపోతుంది. మళ్ళీ పెట్టెలు మోయాలి.

ఆదివారం సుందరరాజు చెమటలు కక్కుతూ దిగాడు. అరిటాకులు వేశారు. తులసీరాం నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కార్డు ప్రకారం ఒక్కో కూరతో కొత్త సీసాలోంచి ఒక్కో వైన్ పోశాను. పొట్టేలు వేపుడు తిని, ఫ్రాన్సుది తాగి తులసీరాం తల ఊపాడు. సంగటి ముద్ద పులుసులో ముంచి మింగి, చల్లటి గులాబీది తాగాక కళ్ళు పెద్దవి చేసి, "భలే ఉండాదే!" అన్నాడు. నా ఉద్యోగం సగం ఖాయమైపోయింది.

అప్పుడు సుందరరాజు శనివారం తెరిచిన ఫ్రాన్సు సీసా అడిగి తెప్పించుకుని తాగి చూశాడు.

"ఇది ఇప్పుడు తాగినదే గదన్నా. దీంట్లో ఏం చెడిపోయిందో ఆ అబ్బాయినే సెప్పమను. ఈ మాట ఇంకో నాలుగు హోటళ్ళకు పాకితే నా పని అయిపోయినట్టే."

అందరూ నా వైపు తిరిగారు. నా దగ్గర జవాబుంది. బిరడా లోపం, బిరడా వాసన వైన్‌కు పట్టేసింది అని ఒక్క మాట అంటే చాలు. దానికి ఇంగ్లీషులో ఒక గంభీరమైన పేరు కూడా ఉంది. అది విన్నాక ఆ టేబుల్ దగ్గర ఎదురు మాట్లాడేవాడు లేడు. నోరు తెరిచాను కూడా. ఎదురుగా సుందరరాజు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నా నోటివంకే చూస్తున్నాడు.

"ఏమీ చెడిపోలేదు సార్," అన్నాను. "నాకే తెలియలేదు. నేను నిన్నటిదాకా వైన్ తాగలేదు. మాకు కాలేజీలో టీ డికాషన్తో నేర్పించారు. ఈ కార్డు కూడా నాది కాదు. గంగులమ్మక్క నాలుక మీద వేసుకుని చెప్తే నేను రాశాను."

సుందరరాజు ఊపిరి వదిలాడు. తులసీరాం ముఖం నల్లబడింది. "రాత్రంతా నిద్రపోకుండా ఈయప్పను తిట్టుకున్నాను గదరా నీ మాట నమ్మి!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రుచి సెప్పేదానికి ఆయమ్మ ఉండాది. ఇంక నీతో నాకేం పని?"

న్యాయమైన ప్రశ్న. "ఏమీ లేదు సార్" అని లేవబోయాను.

సంగటి తట్ట పట్టుకుని నిలబడిన గంగులమ్మ అడ్డొచ్చింది. "నాకు రాయను రాదు సామీ. దొరల ముందర నిలబడి నేను మాట్లాడతానా? పైగా ఆ నీళ్ళు దినామూ తాకితే మా ఇంట్లో నన్ను గడప తొక్కనీరు. పిల్లోడు అబద్ధమాడుంటే మీకు తెలిసేదా? ఉండనీయండి, నేర్చుకుంటాడు."

తులసీరాం పులుసులో వేలు తిప్పుతూ ఆమె మాట విన్నాడు. తర్వాత ఆస్ట్రేలియా సీసా అందుకుని నా గ్లాసులో పోశాడు.

"తాగు. ఏముండాదో సెప్పు."

పులుసు తిన్న నోటితో తాగాను. చెవుల్లోంచి పొగ వచ్చినంత పనైంది. "మండుతోంది సార్. ఇంకేమీ తెలియలేదు."

"నిజమే సెప్పినావు, పులుసు మీద తాగితే నాకూ అట్లే మండింది," అన్నాడు ఆయన. "రేపు పొద్దున ఎనిమిదికల్లా ఫ్యాక్టరీకి పో. ఒక నెల కాయలేరే ఆడోళ్ళ పక్కన కూర్చో. తొడిమ వాసన సూసేది వచ్చినాక ఈడికి రా. హాలెండోళ్ళకు ఈసారికి ఈ కార్డే సాలు."

తల ఊపాను. ఉద్యోగం పోలేదన్న సంతోషంలో ముద్ద చేతిలో పట్టుకునే, ఫ్యాక్టరీకి ఏ బస్సు పోతుందని అడిగాను. గంగులమ్మ నా ఆకులో ఇంకో గరిటె పులుసు పోసి, "ముందు తిను" అంది.